సునందకు దక్కని కుర్చీ

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడగకండి.

నాచారంలో మా ఆయనకు మందుల కంపెనీ ఉంది. షేర్లు మార్కెట్లోకి తేవాలంటే బోర్డులో ఒక్క ఆడమనిషైనా డైరెక్టర్‌గా ఉండాలి, చట్టం అది. అందరి నోటా ఒకటే పేరు, సునంద. ఫ్యాక్టరీని నిజంగా నడిపే మేనేజర్ ఆమే. అప్పుడు కాన్పు సెలవులో ఉంది. పాపను చూద్దామని చిల్కానగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. పాపను అత్తమ్మ చూసుకుంటుందనీ, వచ్చే నెలలోనే పనిలోకి వచ్చేస్తాననీ చెప్పింది. సంతోషించాను. కాదు, సంతోషించినట్టు నవ్వాను.

ఆ ఆదివారం అన్నం తింటూ మా ఆయన అడిగాడు.

“సునందను బోర్డుల తీసుకుందామనుకుంటున్న. నువ్వేమంటవ్?”

పెళ్లయ్యాక కంపెనీ సంగతి ఆయన నన్నడగడం అదే మొదలు.

“పసిపిల్ల తల్లి. ఇగ మనసు ఫ్యాక్టరీ మీద ఏడుంటది? నడుమల ఇడిసిపెట్టి పోతే మన ఇజ్జత్ ఏంగావాలె?”

“నీతోని ఏమన్న అన్నదా?”

“అన్నది. ఇగ నాతోని గాదేమో అన్నది.”

ఆయన మళ్లీ అన్నం కలుపుకున్నాడు. “అట్లయితే నువ్వే కూసో. సంతకం పెడితే సాలు.”

ఎందుకన్నాను? రోజూ ఇంటికొచ్చి సునంద ఇట్లన్నది, సునంద అట్లన్నది అని ఆయన చెబుతుంటే, పెరుగు వడ్డిస్తూ విని విని లోపల కుళ్లిపోయాను కాబట్టి. కొత్తగా తండ్రయిన మగ మేనేజర్ గురించి ఈ ప్రశ్నే రాదు కదా, మరి ఆయన అంత తేలిగ్గా ఎలా నమ్మాడు అని తప్పు ఆయన మీదకు నెట్టి చూశాను. కుదరలేదు. నోరు నాది. ఆడవాళ్ల కోసం తెరిచిన తలుపుకు ఒక ఆడదాన్నే అడ్డం నిలబడ్డాను.

చెప్పినట్టే నెలలో సునంద పనిలోకి వచ్చింది. నేను డైరెక్టర్‌నయ్యానని తెలిసి నా చేయి పట్టుకుంది.

“బోర్డుల ఒక్క ఆడమనిషన్న కూసున్నరు మేడం. నాకు మస్తు ఖుషీగుంది.”

ఆమె ఇంకా మేనేజరే. నలుగురిలో నేను చిన్నబోకూడదని, ప్రతి మీటింగ్‌కు ముందు ఏం అడగాలో, ఎందుకడగాలో ఓపికగా విడమరిచి చెబుతుంది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. గుండె కొంచెం తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది. రేపు మీటింగ్ ఉంది. పొద్దున్నే సునంద వస్తుంది, నాకు నేర్పడానికి.