సామ్రాజ్యాలన్నిటికీ ఒకే జవాబు

మా అమ్మాయి ఇక్కడి ఐర్లండు బళ్లో అడుగు పెట్టినప్పటినుంచీ దాని చదువులో నాకు చోటు లేదు. ఐరిష్ భాష నాకు రాదు. కామోగీ అంటే కర్రలతో ఆడే ఆడపిల్లల ఆట అని తెలియడానికే ఏడాది పట్టింది. పోనీ లెక్కలు చెబుదామని కూర్చుంటే, "అమ్మా, వీ డోంట్ డూ ఇట్ లైక్ దట్ హియర్" అని పుస్తకం లాక్కునేది. అలాంటిది పై క్లాసుకొచ్చాక క్లాసికల్ స్టడీస్ తీసుకుంటానంది. గ్రీకులు, రోమన్లు, వాళ్లు ఎలా లేచారు, ఎలా పడ్డారు, ఇదీ ఆ సబ్జెక్టు.

మావారు ఇక్కడే అత్లోన్‌లో మందుల కంపెనీలో చేస్తారు. "ఎప్పుడో పోయినవాళ్ల గురించి చదివితే ఉద్యోగం ఎవడిస్తాడే?" అన్నారు. నేను మాత్రం చంకలు గుద్దుకున్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్లో ఎప్పుడూ నాదే ఫస్టు మార్కు మరి. ఇన్నాళ్లకు నా పిల్లకు నేనివ్వగలిగింది ఒకటి దొరికింది. ఇది కూడా చేజారితే, అన్నం వండిపెట్టడానికి తప్ప దానికి నాతో పనేముంటుంది?

మా సోషల్ మాస్టారు మాకొక మంత్రం నేర్పారు. ఏ సామ్రాజ్యం పడిపోయినా కారణాలు నాలుగే. వారసులు బలహీనులు, రాజ్యం మరీ విశాలం, ఖజానా ఖాళీ, ఆపైన విదేశీ దండయాత్రలు. మౌర్యులు అందుకే పోయారు, గుప్తులూ అందుకే పోయారు, మొగలులూ అంతే. రాజుల పేర్లు మార్చి రాస్తే చాలు, పేపర్లు దిద్దేవాళ్లు కళ్లు మూసుకుని మార్కులు వేసేవారు.

ఆదివారం పొద్దున దోసెలు పోస్తూ అదే మంత్రం అమ్మాయికి ఎక్కించాను. నేను "వారసులు?" అంటే అది "వీక్" అనాలి. "రాజ్యం?" అంటే "టూ బిగ్" అనాలి. దోసె తిరగేసేలోగా రోము పడిపోవాలి, అదీ పందెం. నవ్వుతూనే నేర్చుకుంది. వ్యాసం కూడా అలాగే రాసి బళ్లో ఇచ్చింది.

వారం తిరక్కుండానే అది వెనక్కొచ్చింది. అడుగున టీచరమ్మ రాసింది: గ్రాండ్, కానీ ఇది ఏ సామ్రాజ్యం గురించి? ఇంతకీ నువ్వేమనుకుంటున్నావు?

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏ సామ్రాజ్యమేంటి నా మొహం! ఇన్ని రాజ్యాలు పడిపోయాయి దీంతో, రోము ఒక్కటీ పడదా?" అన్నాను. "నీ కుందేలుకి మూడే కాళ్లులే" అని మావారు టీ కప్పు పుచ్చుకుని మెల్లిగా హాల్లోకి జారుకున్నారు.

అమ్మాయి నవ్వలేదు. త్వరలో బళ్లో తల్లిదండ్రుల్ని పిలుస్తారట, వాళ్ల ముందు పిల్లలు తలా ఒక విషయం మాట్లాడాలట. "అమ్మా, డోంట్ హెల్ప్ మీ దిస్ టైమ్. ప్లీజ్" అంది. ఎంత మెల్లగా అందో. అరిచినా బాగుండేది.

"నీ ఇష్టం తల్లీ" అని ప్రెస్ తలుపు ధడాలున వేశాను. ఇక్కడ వంటింటి అల్మారాను ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఆ తర్వాత రోము మాట నేనెత్తలేదు, అదీ ఎత్తలేదు.

ఒక సాయంత్రం నేను చారుకు పోపు పెడుతుంటే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, మన ఊరు కృష్ణ దగ్గరే కదా?"

"దగ్గరేంటే, ఒడ్డునే. ఏం?"

తెర మీద ఒక బంగారు నాణెం చూపించింది. దాని మీద రోము చక్రవర్తి తలకాయ. ఆ కాలంలో మిరియాల కోసం, పల్చటి నూలు బట్టల కోసం అక్కడి వర్తకులు ఓడలేసుకుని మన తీరానికి వచ్చేవారట. వాళ్లిచ్చిన నాణేలు ఇప్పటికీ మా వైపు తవ్వకాల్లో దొరుకుతుంటాయట. ఆ నాణేనికి చక్రవర్తి నెత్తి పైన ఒక బెజ్జం ఉంది. "వై వుడ్ ఎనీవన్ పుట్ ఎ హోల్ ఇన్ మనీ?" అనడిగింది.

"మెళ్లో వేసుకోడానికే పిచ్చిమొహమా, ఇంకెందుకు!"

అంటూనే కుర్చీ లాక్కుని ఎక్కి, పై ప్రెస్‌లో కందిపప్పు డబ్బా వెనకనుంచి కాసులపేరు తీశాను. మన ఇళ్లల్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు, అందుకే దాని కాపురం పప్పుల మధ్య. మా అమ్మమ్మది అది, ఆవిడనుంచి మా అమ్మకు, అమ్మనుంచి నాకు వచ్చింది. వరసగా కూర్చిన కాసులు, ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి, ఆవిడ తల పైన చిన్న కొక్కెం. అమ్మాయి దాన్ని తెర పక్కన పెట్టి చాలాసేపు చూసింది. చారు పొంగిపోయింది, ఎవరమూ కదల్లేదు.

ఆ పేరు వేసుకుని బళ్లో మాట్లాడతానంది. "పోతే గార్డ్స్‌కి ఏమని చెప్పుకుంటాం?" అని మావారు గోల పెట్టారు, ఇక్కడి పోలీసులను గార్డ్స్ అంటారు. ముందు వరసలో కూర్చుని కాపలా కాస్తానని నేను పూచీ పడ్డాను.

నీలం యూనిఫాం స్వెట్టరు మీద కాసులపేరు వేసుకుని నిలబడింది నా కూతురు. "మై మమ్ సేస్ ఎవ్రీ ఎంపైర్ ఫాల్స్ ఫర్ ద సేమ్ ఫోర్ రీజన్స్" అని మొదలుపెట్టి నాలుగూ అప్పజెప్పింది, అచ్చం దోసెల వరసలో. హాలంతా నవ్వింది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తర్వాత అసలు సంగతిలోకి దిగింది. రోము సైన్యం ఈ దీవి మీద రాజ్యం చెయ్యనేలేదని, కృష్ణ ఒడ్డున వాళ్లమ్మ ఊరినీ ఏలలేదని చెప్పింది. అయినా ఆ ఊళ్ల ఆడవాళ్లు రోము చక్రవర్తికి బెజ్జం పెట్టి మెళ్లో వేసుకున్నారంది. రోము పోయింది, చక్రవర్తి పోయాడు, కాసులు గుచ్చి వేసుకునే అలవాటు మాత్రం పోలేదు, చూడండి అని మెళ్లో కాసులపేరు ఎత్తి చూపించింది.

దాన్ని ఏమంటారని టీచరమ్మ అడిగింది. "కాసులపేరు" అంది, తడబడకుండా. అందరిచేతా అనిపించింది కూడా. పాపం వాళ్ల నాలుకలు తిరగలేదు.

"ఎంత బాగుందో. ఎవరిది?" అని మళ్లీ అడిగింది టీచరమ్మ.

"ఇట్స్ మై మమ్స్" అంది. ఒక్క క్షణం నావైపు చూసి, "దెన్ ఇట్స్ మైన్" అంది.

కాపలాకని వెళ్లినదాన్ని, కళ్ల నిండా నీళ్లతో నాకు కాసులూ కనిపించలేదు, పిల్లా కనిపించలేదు. వారసులు బలహీనులట! మా మాస్టారు ఆ వేళ నా పక్క కుర్చీలో ఉండాల్సింది.