మోకాలు వంచబోతే సైకిల్ ఉరికింది

ముందుగాల చాయ్ గ్లాసులు కింద పెట్టుండ్రి. మొన్న నేను చేసిన ఘనకార్యం వింటే మీద పోసుకుంటరు!

నాకు హైదరాబాద్‌ల మోకాలు మార్చిండ్రు గదా. ఆపరేషన్ మంచిగనే అయింది. గని కరీంనగర్ వచ్చినంక కాలు కట్టె లెక్క బిగుసుకపోయింది. కుర్చీల కూసుంటే ముందటికి పొడుచుకొని ఉంటుండె. ఇంటికొచ్చినోళ్లంత దానికి తట్టుకొని పడుడే! పెద్ద డాక్టర్ ఖరాకండిగ చెప్పిండు: "అమ్మా, మళ్ల వచ్చేసరికి వంగకపోతే మత్తిచ్చి మేమే వంచుతం."

మత్తిచ్చి వంచుడా? బడిల ఎందరితోనో గుంజీలు తీయించిన టీచర్‌ను, నా మోకాలు నా మాట వినదా! పొద్దున వంచుడు, మాపటికి వంచుడు, పండ్లు కొరుక్కుంట వంచుడు. ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరమ్మ, "సైకిల్‌కు స్టాండేసి పెడల్ తొక్కుండ్రి మేడం, జల్ది వంగుతది" అన్నది.

నేను పుట్టి బుద్ధెరిగి సైకిల్ ఎక్కలే! అయినా సరే అన్న. మా బిడ్డ కాలేజీకి తొక్కే లేడీస్ సైకిల్‌ను మా సారు, గదే మా ఇంటాయన, వాకిట్ల స్టాండేసి, నన్ను ఎక్కిచ్చి హ్యాండిల్ పట్టుకున్నడు. పెడల్ సగం దాక పోతది, పైకి రాంగనే మోకాలు మొండికేస్తది. ముందటికి, ఎన్కకు, ముందటికి, ఎన్కకు. రోజూ గిదే పని. "ఇయ్యాల్టికి సాలు తియ్యే" అంటడు ఆయన. "మీరు జర గట్టిగ పట్టుకోండ్రి" అంట నేను.

మొన్న పొద్దుగాల గట్లనే తొక్కుతున్న. పక్కింటి సులోచన పాలు తోడువెట్టుకునేటందుకు ఇంత పెరుగు కావాలని గేట్ కొట్టింది. మా సారు హ్యాండిల్ ఇడిసిపెట్టి గేట్ తీయ పోయిండు. సరిగ్గ అప్పుడే పెడల్ పైకెక్కి, అవతలికి దిగింది. రౌండ్ పూర్తయింది!

"తిరిగింది! తిరిగింది!" అని సంబరంతోని ఇంకొక్క తొక్కు జబర్దస్తిగ తొక్కిన. సైకిల్ స్టాండ్ మీదికెంచి దుంకి, నన్నేసుకొని, తెరిచిన గేట్లకెంచి బయటికి!

మా ఇంటి ముందట రోడ్డంత దిగుడే. సులోచన గిన్నె పడేసి గోడకు అతుక్కుపోయింది. "బ్రేక్ పట్టు! బ్రేక్ పట్టు!" అని మొత్తుకుంట మా సారు ఎన్క ఉరుకుతుండు. బ్రేక్ యాడుంటదో నాకేమెరుక? నా చేతికి గంట దొరికింది. గదే కొట్టుకుంట పోయిన!

ఇల్లు కడుతున్నోళ్ల ఇసుక కుప్పల పోయి కూలవడ్డ. అయిపాయె, కొత్త మోకాలు పాయె అని కండ్లు మూసుకున్న. మా సారు రొప్పుకుంట వచ్చి, "ఏందే, నీ కాలు చూడు!" అన్నడు. చూస్తే మోకాలు పూర్తిగ మడతవడి ఉన్నది. భయపడుకుంట మెల్లగ చాపిన. మళ్ల వంచిన. వంగింది! ఇసుకలనే కూసోని ఏడ్చిన, నవ్విన.

దవఖానకు పోయి ఎక్స్‌రే తీపిచ్చినం. అంత మంచిగనే ఉన్నది. డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, "ఇగ మత్తుతోని పని లేదు మేడం. గని ఇంకోసారి గిట్ల చేస్తే నేను ఊకోను!" అని కోప్పడ్డది.

ఇప్పుడు గల్లీల ఆడోళ్లు, "టీచరమ్మా, మాకు గూడ సైకిల్ నేర్పుండ్రి" అని వస్తుండ్రు. ఏం నేర్పాలె? నాకు పోవుడొక్కటే వస్తది, ఆగుడు రాదాయె!