తియ్యబాయిని చంపినవాళ్ళు

పట్నంలో, సుచిత్ర చౌరస్తా దగ్గరి మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ క్యాన్ మూత పీకినప్పుడల్లా ఎండలో కాగిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. ఏళ్ళ తరబడి పీలుస్తున్నా నాకది అలవాటు కాలేదు. పీల్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య, రోడ్డు నుంచి బాగా లోపలికి ఉన్న ఊరు. ఊరి చివర, మా పొలం గట్టున ఒక బాయి ఉండేది. అందరూ దాన్ని తియ్యబాయి అనేవారు. తొంభైల్లో, నేనింకా లంగాజాకెట్టు వేసుకునే రోజుల్లో, పొద్దున్నే చిన్న బిందె చంకన పెట్టుకొని అమ్మ వెంట పోతే, తడిసిన తాడు వాసన, రాళ్ళ సందుల్లోని నాచు వాసన, గిరక కీచుమనే చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు అన్నీ కలిసి మీదికి వచ్చేవి. ఎండాకాలం రాగానే మా అవ్వ వంటింటి మూల తడి ఇసుక పోసి, దాని మీద కొత్త కుండ నిలబెట్టి ఆ నీళ్ళు నింపేది. బతుకమ్మ ఆడి, నువ్వుల సద్ది, పులిహోర సద్ది తిన్నాక ఆ నీళ్ళే దోసిళ్ళు పట్టి తాగేవాళ్ళం. వాటిలో కందిపప్పు ఇట్టే ఉడుకుతుందని పక్క ఊళ్ళవాళ్ళు పెళ్ళి వంటలకు బండ్ల మీద డ్రమ్ములు వేసుకొని వచ్చేవారు. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ ముందు చెంబు నీళ్ళిచ్చి, బాగున్నాయని వాళ్ళు అనేదాకా ఎదురుగా నిలబడేది.

నాయినకు అన్న, మా పెదనాయిన, అప్పుడు ఊరి సర్పంచి. బాయికి ఎగువన ఉన్న తన వాటా భూమిని మందుల కోసం రసాయనాలు చేసే ఫ్యాక్టరీకి అమ్మాడు. ఊళ్ళో వాళ్ళకు కొలువులు వస్తాయన్నాడు. కొందరికి వచ్చాయి కూడా. ఒక వానాకాలం గడిచేసరికి బాయి నీళ్ళ మీద నూనెలాంటి తెట్టె కనిపించింది. పప్పు ఉడకడం మానేసింది. చాయ్‌లో పాలు విరిగాయి. బట్టలు ఉతికిన చేతులు దురద పెట్టాయి. వాన పడ్డప్పుడల్లా ఫ్యాక్టరీ వాళ్ళు మురుగును బాయి పక్కనుంచి పారే వాగులోకి వదులుతారని అందరికీ తెలుసు. పెదనాయినతో అంటే మాత్రం ఒకటే మాట.

“పరీక్ష చేయించిన. నీళ్ళు మంచిగనే ఉన్నయి. ఉత్తగ పరేషాన్ గాకుండ్రి.”

ఊళ్ళో వేరే నీళ్ళు లేవు. అవే తాగాం. కాగబెడితే వాసన ఇంకా పెరిగేది.

తర్వాతి ఎండాకాలంలో మా తమ్ముడు శీను మంచం పట్టాడు. తిన్నది నిలవలేదు, ఒళ్ళంతా దద్దుర్లు. మేడ్చల్ దవాఖానలో డాక్టరమ్మ మందులిచ్చి, ఆ నీళ్ళు మళ్ళీ తాపవద్దంది. ఏ నీళ్ళు తాపాలో చెప్పలేదు. వాణ్ణి ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం, వాడి అన్నంలోకి ఇంత సల్ల అడుగుదామని అమ్మ నన్ను వెంటబెట్టుకొని పెదనాయిన ఇంటికి పోయింది. అమ్మ మొహం చూసి పెద్దమ్మ ముందు గ్లాసెడు నీళ్ళిచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. గ్లాసు కింద పెట్టి నేరుగా వంటింట్లోకి నడిచింది. తలుపు వెనక పాత చీర కప్పి, పట్నం నుంచి తెచ్చిన నీళ్ళ క్యాన్లు ఉన్నాయి.

“ఎప్పటిసంది తాగుతున్నరక్కా గీ నీళ్ళు?”

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నన్నడగకు చెల్లె. ఎవలకు చెప్పొద్దన్నడు.”

అమ్మ ఒక క్యాన్ ఎత్తి చంకన పెట్టుకొని, మీటింగు నడుస్తున్న పంచాయతీ ఆఫీసుకు పోయింది. బావ ఎదురైతే తలమీద కొంగు కప్పుకొని పక్కకు తప్పుకునే మనిషి, ఆ రోజు అందరి ముందూ క్యాన్‌ను ఆయన బల్ల మీద పెట్టింది.

“బావా, గివి మీ ఇంట్ల తాగే నీళ్ళు. నా కొడుకు తాగినయి బాయి నీళ్ళు. నువ్వు పరీక్ష చేయించింది ఏ నీళ్ళకు?”

“ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకుందాం, పో,” అన్నాడు పెదనాయిన.

వెనక వరసలో కూర్చున్న నాయిన లేచాడు. అన్నకు ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు. “ఈడనే మాట్లాడాలె అన్నా,” అన్నాడు.

మర్నాడు ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో ఫ్యాక్టరీ దారికి అడ్డంగా కూర్చున్నారు. ఊరికి ట్యాంకర్ వచ్చింది. నీళ్ళు తాగొద్దని బాయి గోడకు ఎర్ర రంగు పూసి, కొన్నాళ్ళకు మట్టి పోసి పూడ్చారు. శిక్ష పడింది బాయికే. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది, పెదనాయిన మళ్ళీ గెలిచాడు. శీను బతికాడు గానీ, వాడి చేతుల మీది మచ్చలు ఇప్పటికీ పోలేదు. అవ్వ ఆ తర్వాత చుట్టాలకు నీళ్ళివ్వడం మానేసింది. ఎవరైనా వస్తే చాయ్ పెట్టమని లోపలికి కేకేసేది.

భూముల ధరలు పెరిగాక ఫ్యాక్టరీ వాళ్ళు ఆ జాగా అమ్ముకొని ఇంకో ఊరి నీళ్ళు చెరచడానికి పోయారు. ఇప్పుడు బాయి ఉన్న గట్టుదాకా కలిపి అక్కడ ప్లాట్లు వేసి అమ్ముతున్నది పెదనాయిన కొడుకే. ఈ మధ్య అమ్మనూ నన్నూ కారులో తీసుకుపోయి చూపించాడు. అమ్మ ప్లాట్ల వంక చూడలేదు.

“తియ్యబాయి ఏడుండెరా?” అని అడిగింది.

“గీడనే ఏడనో ఉండె చిన్నమ్మా,” అంటూ వాడు గాలిలో చేయి తిప్పాడు.

నాకు తెలుసనుకొని నేను ముందుకు నడిచాను. రాళ్ళు పాతిన హద్దుల మధ్య అటూ ఇటూ వెతికాను. ఎంత నున్నగా చదును చేశారంటే, ఊరందరి గొంతు తడిపిన చోటు నా కాలికి కూడా తగల్లేదు.