కేరళలో వాన, ఆరాంఘర్‌లో దిగులు

మా ఊరి పక్కన ఎయిర్‌పోర్టు మొదలై అప్పటికి రెండు మూడేళ్లయింది. మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా మట్టి తోలే టిప్పర్లే. వాటిని నమ్ముకునే నేను ఆరాంఘర్ దగ్గర ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, అరిగిపోయిన టైర్ల మీద కొత్త రబ్బరు వేసే పని మొదలుపెట్టాను. బాపు మాత్రం మామిడిపల్లిలో మాకు మిగిలిన కొద్దిపాటి చేనులో జొన్న, కంది, టమాట వేస్తూనే ఉన్నాడు.

రోహిణి కార్తె ఎండలు ముదిరాయంటే చాలు, టీవీ ముందు మా ఇద్దరికీ పడేది కాదు. రుతుపవనాలు కేరళను తాకాయని వార్తల్లో అనగానే బాపు మంచం మీద నుంచి లేచి, "వానొచ్చిందే! కేరళల పడ్డదంటే ఇగ మనకాడికి వచ్చినట్టే!" అని వంటింట్లో ఉన్న అమ్మను కేకేసేవాడు. నేనేమో షెడ్డులో ఉన్న రబ్బరు ఎన్నాళ్లొస్తుందో లెక్కపెట్టుకునేవాణ్ణి. అక్కడ వాన పడితే రబ్బరు చెట్లకు గాట్లు పెట్టరు. గాట్లు పెట్టకపోతే పాలు కారవు. పాలు లేకపోతే ఉన్న సరుకు ధరకు రెక్కలొస్తాయి.

"అందరు సంబురపడుతుంటే నీ మొఖమేందిరా గట్ల మాడ్చుకున్నవ్?" అనేవాడు బాపు.

ఒకరోజు అన్నం తింటూ ఓపిగ్గా చెప్పాను. చెట్టు నుంచి వచ్చేది ఒక రబ్బరు, ముడినూనె నుంచి చేసేది ఇంకొకటి, రెండూ కలిస్తేనే మా సరుకు అని. వానకు మొదటిదాని ధర పెరుగుతుంది, ముడినూనె ధర మండితే రెండోదానిదీ పెరుగుతుంది. దేశదేశాల్లో బండ్లు పెరిగి ఇప్పుడు అందరికీ రబ్బరే కావాలి. కొత్త టైర్లు ప్రియమైతే పాతవి పట్టుకుని అందరూ నా దగ్గరికే వస్తారు, కానీ అప్పుడు రబ్బరు కొనే దమ్ము నాకుండదు. రబ్బరు చవకైతే జనం కొత్త టైర్లే కొనుక్కుని నన్ను మరిచిపోతారు.

బాపు అంతా విని చెయ్యి కడుక్కున్నాడు. "పిరమైతే ఏడుస్తవ్, అగ్గువైతే ఏడుస్తవ్. నీ దుకాణం కన్న నా టమాటలే నయం గదరా. అగ్గువైనప్పుడే ఏడుస్త."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అన్నం సగంలో వదిలేసి లేచాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం కనిపించి ఇంకా మండింది.

ఆ ఏడు మాత్రం నిజంగానే పీకల మీదికి వచ్చింది. ఒక టిప్పర్ల యజమాని తన బండ్లన్నిటి టైర్లూ నాకే ఇస్తానంటే ఉబ్బిపోయి, పాత రేటుకే చేస్తానని మాటిచ్చేశాను. తర్వాత కేరళ డీలరుకు ఫోను చేస్తే, వాన మొదలయ్యేలోపు సరుకు లారీకెక్కితే పాత ధర, మొదలైతే కొత్త ధర అన్నాడు. కొత్త ధరకు కొని పాత రేటుకు చేస్తే షెడ్డుకు తాళం వేసుకోవడమే. లారీ దొరకడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. టీవీ వాళ్లేమో ఈసారి వానలు ముందే వస్తాయంటున్నారు.

ఇంట్లో అంతా చెప్పాను. ఆ రోజు నుంచి బాపు వాతావరణం వార్తలు రాగానే టీవీ బంద్ చేసి బయటికి పోయేవాడు. రైతు ఇంట్లో కూర్చుని నేను వాన వద్దంటుంటే కోపం రాదా మరి, అనుకున్నాను. నేనూ బింకంగానే తిరిగాను.

వాన ఆలస్యమైంది. పాత ధరకే సరుకు లోడయిందని ఫోను రాగానే నేను గంతులేసినంత పని చేశాను. బాపు మాత్రం, "రానీ. కండ్లతోని చూసినంక సంబురపడుదం," అన్నాడు.

లారీ షెడ్డు ముందు ఆగిన రోజు అమ్మా బాపూ బస్సులో వచ్చారు. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన సకినాలు డ్రైవరు చేతిలో పెట్టింది. బాపు ఒక రబ్బరు చుట్టను వాసన చూసి, "థూ, గిదాని కోసమా ఇంత పరేషాన్?" అని మొహం చిట్లించాడు.

అమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "మీ బాపు ఏం జేసిండో ఎరికేనా? ఏటేట పోచమ్మకాడికి పోయి వాన గావాలని మొక్కుతడు గదా. ఈసారి గూడ పోయిండు. పోయి, మా పోరని లారీ వచ్చేదాంక జర ఆగు తల్లీ అని మొక్కిండు."

"నీ నోరు ఆగదు గదనే," అని బాపు కసురుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. దుక్కి దున్ని పెట్టుకుని, విత్తనాలు సంచిలో ఉంచుకుని, ఆ మనిషి దేవత ముందుకు పోయి వానను ఆపమన్నాడు. బాపు మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటుంటే సకినం నోట్లో పెట్టుకున్న డ్రైవరు బిత్తరపోయి చూశాడు.

ఆఖరి చుట్ట దిగాక బాపు షెడ్డు బయటికి వచ్చాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, తలెత్తి పైకి చూశాడు.

"ఇగ రా తల్లీ. మా పోరని లారీ వచ్చింది."