ఖాళీగా తిరిగి వెళ్ళని గిన్నె

"ఇది పాపకి పెడితే ఏమైనా అవుతుందేమో అభీ! ఎప్పుడు వండారో, ఎంతసేపు బయట ఉందో!"

స్పందన చేతిలో స్టీలు గిన్నె ఉంది. గిన్నెలో గుమ్మడికాయ దప్పళం, అంచు కింద చెక్కిన పేరు 'సుధాకరరావు'. ఇచ్చి వెళ్ళింది ఎదురు ఫ్లాట్ భ్రమరాంబ ఆంటీ.

"పెద్దావిడ ప్రేమగా ఇస్తే ల్యాబ్ రిపోర్ట్ అడుగుతావేంటే," అని నవ్వాడు భర్త అభిజిత్.

స్పందన నవ్వలేకపోయింది. ఆమె చదివింది సూక్ష్మజీవుల శాస్త్రం. చల్లారిన అన్నంలో ఏది ఎంత తొందరగా పెరుగుతుందో తెలిసిన మనిషికి రెండేళ్ళ కూతురు ఉంటే ప్రతి ముద్దా భయమే. దప్పళం చెత్త సంచిలోకి పోయింది. గిన్నె మాత్రం తళతళలాడేలా తోమింది.

ఇరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మర్యాద అది. తాముండే యూ టీ పేటలోని సూపర్ మార్కెట్లో రెండు కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన క్యారెట్లలో మూడో ప్యాకెట్ మెత్తబడుతోంది. దాన్ని హల్వా చేసి గిన్నె నింపి పంపింది. ఆంటీదీ కోనసీమ పక్క మర్యాదే. రెండు రోజులకి గిన్నె వంకాయ కూరతో వచ్చింది. సేమియాతో వెళ్ళింది. పులిహోరతో వచ్చింది. అలా ఆ గిన్నె రెండు గుమ్మాల మధ్య ఉయ్యాలలా ఊగుతూనే ఉంది.

భ్రమరాంబ పాతికేళ్ళ వయసులో భర్త వెంట కాకినాడ నుంచి ఈ పరాయి దేశం వచ్చింది. ఆయనే గిన్నె మీది సుధాకరరావు, తువాస్‌లో ఓడలు కట్టే షిప్‌యార్డులో సూపర్‌వైజర్. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటు తెలియనిచ్చేది కాదు ఆదివారం. పనివాళ్ళ డార్మిటరీల్లో ఉండే శ్రీకాకుళం కుర్రాళ్ళు బస్సులు మారి వచ్చి, హాల్లో వరసగా చాపల మీద కూర్చునేవారు. వాళ్ళలో నూకరాజు అనేవాడు ఉంటే ఎసరు ఇంకొంచెం ఎక్కువ పొయ్యాల్సిందే. సూపర్ మార్కెట్ వాళ్ళు ఆవిడని చూసే ఆఫర్లు పెడుతున్నారా అన్నట్టుండేది. రావుగారు ట్రాలీ తోస్తూ, "ఇంకో రెండు వెయ్యవోయ్, నూకరాజు వస్తున్నాడు," అనేవారు.

పని పర్మిట్ల గడువు అయిపోయి కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రావుగారు ఒక పొద్దున కాఫీ తాగుతూ గుండె ఆగి పోయారు. ఆఫర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇవన్నీ స్పందనకి తరవాత తెలిశాయి. తెలిసేలా చేసింది లిఫ్ట్ పక్కన, అన్ని అంతస్తుల చెత్తా కిందికి జారే గొట్టం.

ఒక శనివారం పొద్దున ఆమె సంచి పట్టుకుని వెళ్ళేసరికి ఆంటీ అప్పటికే అక్కడ మూత తెరిచి పట్టుకుని ఉంది. ఆవిడ చేతిలోని పల్చటి సంచిలోంచి హల్వా ఎర్రగా కనిపిస్తోంది. స్పందన సంచిలో ఆంటీ పంపిన సాంబారు. ఇంగువ వాసన దాస్తే దాగేది కాదు.

ముందు తేరుకున్నది ఆంటీయే.

"బాగుందే పిల్లా! నీది నేను, నాది నువ్వు. ఈ గొట్టానికి మాత్రం రోజూ పెళ్ళి భోజనం."

"సారీ ఆంటీ. పాపకి పడదేమోనని..."

"నాకు షుగరమ్మా, హల్వా ఏం తింటాను? వద్దంటే నువ్వు తలుపు కొట్టడం మానేస్తావేమోనని ఊరుకున్నాను."

ఆవిడ సంచిలో ఉన్నది హల్వా ఒక్కటే కాదు. వేలు పెట్టని అన్నం, పప్పు, మూత తియ్యని పెరుగు డబ్బాలు రెండు ఉన్నాయి.

"ఇది మీరు వండుకున్నదే కదా ఆంటీ?"

ఆవిడ మొహంలో నవ్వు ఆరిపోయింది. "వండుతాను. వడ్డించుకుంటాను. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు."

"మరి ఇన్నెందుకు కొంటారు?"

"ఒక్క డబ్బా పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర పిల్ల ఊరుకోదమ్మా. 'ఆంటీ, బై టూ వన్ ఫ్రీ, టేక్ మోర్' అంటుంది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేనని దానికి చెప్పాలి కదా. చెప్పలేక మూడూ తెచ్చేసుకుంటాను."

మూత పట్టుకున్న ఆవిడ చేతికి బంగారు గాజు మోచేతిదాకా జారిపోయి ఉంది. ఇన్నాళ్ళూ గిన్నెలో ఏముందోనని చూసింది స్పందన. గిన్నె ఇచ్చే చెయ్యి ఇంత చిక్కిపోయిందని చూడనే లేదు.

ఆ సాయంత్రం గిన్నెని ఖాళీగానే పట్టుకుని, కూతురు రుచితని చంకనేసుకుని ఎదురు తలుపు కొట్టింది.

"ఆకలేస్తోంది ఆంటీ."

ఆవిడ ఖాళీ గిన్నె వంక చూసి, లోపలికి వెళ్ళి కుక్కర్ పెట్టింది. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, నెయ్యి. రుచిత "మోర్, మోర్" అని కంచం కొడుతుంటే, "మా నూకరాజువే నువ్వు!" అంటూ పిల్లకో ముద్ద, తనకో ముద్ద తింది. ఆ రోజు నుంచి శని, ఆదివారాలు అలాగే గడిచాయి.

కానీ అప్పటికే ఆలస్యమైంది. ఏళ్ళ తరబడి తిండి మానిన ఒంట్లో షుగరు కిడ్నీలదాకా వెళ్ళింది. వానలు మొదలయ్యాక ఆవిడ ఆస్పత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు.

కాకినాడ నుంచి వచ్చిన చెల్లెలితో కలిసి స్పందన ఫ్లాట్ ఖాళీ చేసింది. అలమరాలో అన్నీ మూడేసి, తేదీలు దాటిన సేమియాలు, నూనెలు, బిస్కెట్లు. ఫ్రిజ్ మాత్రం అలా లేదు. పై అరలో పెరుగు డబ్బా ఒక్కటే ఉంది. ఆ కౌంటర్ దగ్గర పిల్లకి ఆవిడ ఏమని చెప్పిందో!

సుధాకరరావు గిన్నె స్పందన దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఫ్లాట్లో నిఖిల అనే చదువుకునే పిల్ల ఒక్కతే అద్దెకి ఉంటోంది. కూర ఎక్కువైన రోజు స్పందన గిన్నె తియ్యదు, వెళ్ళి భోజనానికి రమ్మని తలుపు కొడుతుంది. ఆస్పత్రి మంచం మీద ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పిన మాట అది:

"ఇకమీద ఎవరికీ గిన్నె పంపకమ్మా. కూరైతే పారెయ్యొచ్చు. మనిషిని పిలువు. కంచం ముందు కూర్చున్న మనిషిని ఎవరూ పారెయ్యరు."