తెల్ల తెర మీద టీచరుగారు

మా మేనకోడలు నా లాప్‌టాప్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచిపెట్టి, ఇకమీదట ఇందులో రాసుకోమంది. చూస్తే ఏమీ లేదు. పైన మెనూ లేదు, పక్కన బొమ్మల్లేవు, కింద గడియారం కూడా లేదు. తెల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమంటున్న ఒక గీత. ధ్యాస చెదరకుండా రాసుకోవడానికే ఇలా చేశారట.

"సేవ్ కూడా చెయ్యక్కర్లేదు మావయ్యా. అదే దాచుకుంటుంది," అంది.

ముప్ఫై ఏళ్లు పత్రికలో పనిచేసి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని ఊరందర్నీ అడిగినవాణ్ణి. ఎక్కడ దాచుకుంటుందని మాత్రం దాన్ని అడగలేదు.

అప్పుడు నా చేతిలో ఒక పని ఉంది. మా పక్కింటి టీచరుగారు చర్చి బడిలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరవుతున్నారు. ఆదివారం సన్మానం. పాత విద్యార్థులు ఆవిడ మీద చిన్న పుస్తకం వేస్తూ మధ్యలో రెండు పేజీలు నాకు వదిలారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా వన్ టౌన్‌లోని ప్రెస్సుకు వ్యాసం చేరకపోతే అక్కడ గ్రూపు ఫొటో వేసేస్తామని ముందే చెప్పారు. పదిహేనేళ్లుగా గోడకవతల ఉంటున్న మనిషికి నేనివ్వగలిగింది ఆ రెండు పేజీలే.

నేను రాయడం నేర్చుకున్నది న్యూస్ డెస్కులో. ఒక చెవిలో ఫోను, రెండో చెవిలో పక్క సీటాయన మోకాలి నొప్పి, వెనక నిలబడి మన వాక్యం చదివి నవ్వేవాడొకడు. అంత గోలలో రాసినవాడికి ఈ తెల్ల తెర మొదట చలిజ్వరం తెప్పించింది. తెరలో చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి ఇల్లంతా వినపడటం మొదలైంది. మా ఫ్యాను కిర్రుమంటుందని ఆ రోజే తెలిసింది. లేచి నూనె వేసి వచ్చాను. మా ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "ఇందాకట్నుంచీ ఆ తెల్లగోడ వంకే చూస్తున్నారు. సున్నం వేయించాలా ఏంటండీ?" అంది.

మూడో రోజుకి దాని రుచి తెలిసింది. అక్షరాల సైజు మార్చే మీట లేదు, ఎన్ని పదాలయ్యాయో చెప్పే అంకె లేదు, మెయిల్ వచ్చిందన్న గంట లేదు. రాయడం తప్ప వేరే పని దొరకనప్పుడు మనిషి రాస్తాడు. శుక్రవారం పన్నెండింటికి వ్యాసం పూర్తయింది. టీచరుగారు ఏ పిల్లల మీదా చెయ్యెత్తి ఎరగరని రాసిన పేరాకి నాకే కళ్లు చెమర్చాయి.

ఆ సంతోషంలో, లేచేముందు డెస్కులో రోజూ చేసే పనే చేశాను. అక్కడ ఒక్కో కంప్యూటర్ మీద మూడు షిఫ్టులవాళ్లు కూర్చునేవాళ్లం. దిగేవాడు తను తెరిచినవీ, బ్రౌజర్ దాచినవీ మొత్తం తుడిచి లేవాలి. లేకపోతే ఎక్కేవాడు అవన్నీ చదివి వారం రోజులు ఏడిపిస్తాడు. ఇంట్లో నా తర్వాతి షిఫ్టుకి ఎవరూ లేరు. అయినా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. భోంచేసి వచ్చి తెరిస్తే తెర మునుపటికన్నా తెల్లగా ఉంది.

మేనకోడలికి ఫోన్ చేశాను. వ్యాసం ఉండేది ఆ బ్రౌజర్‌లోనేనట. తుడిచేస్తే ఇక ఎవరికీ దొరకదట. ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్లాను.

ప్రెస్సులో డీటీపీ చేసే అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని, విలేకరిగా ఉన్నప్పుడు ఫోన్లో వార్త చెప్పినట్టు, వ్యాసం నోటితో చెప్పడం మొదలుపెట్టాను. వెనక కాగితాలు కోసే మిషను, బయట బండ్లు తోసేవాళ్ల కేకలు. మాటలు బాగానే వస్తున్నాయి. చెయ్యెత్తి ఎరగరన్న చోట ఆ అమ్మాయి టైపు ఆపింది.

"చెయ్యెత్తకపోవడమేంటి సార్. నేను ఆవిడ దగ్గరే చదివాను. స్కేలు అంచు తిప్పి మరీ వేళ్ల మీద కొట్టేవారు."

నేను తేరుకునేలోపే, "మధ్యాహ్నం బెల్లవగానే దెబ్బలు తిన్నోళ్లని పిలిచి తన క్యారేజీలో సగం పెట్టేసేవారు. ఆ పులిహోర కోసం కావాలని ఎక్కాలు తప్పు చెప్పినోళ్లు కూడా ఉన్నారండీ," అంది.

మూడు రోజులపాటు ఎవరూ నా భుజం మీంచి తొంగిచూడలేదు. డెస్కులో అయితే ఆ పేరా పుట్టిన ఐదు నిమిషాలకే, నీకెవరు చెప్పారని ఎవడో ఒకడు అడిగేవాడు. ఎవరూ చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో నాకలా తోచింది, అంతే. వెబ్‌సైట్‌ని తప్పు పట్టను. ఇప్పటికీ అందులో రాస్తూనే ఉన్నాను, కాకపోతే రాసింది మా ఆవిడకి చదివి వినిపించాకే నమ్ముతున్నాను.

అచ్చుకి ముందు సంబంధించినవాళ్లని ఒకమాట అడగడం మా వృత్తిలో అలవాటు. ఆ పేరా తీసేయించి, అమ్మాయి చెప్పింది దాని చోట పెట్టించాను. మూడున్నరకి టీచరుగారికి ఫోన్ చేసి, స్కేలు సంగతీ క్యారేజీ సంగతీ చదివి, ఇబ్బందైతే తీసేస్తానన్నాను. ఆ అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"స్కేలు ఉంచండి, నిజమే కదా," అన్నారావిడ. "సగం అన్నది మాత్రం మార్చండి. పావే పెట్టేదాన్ని. ఆకలి నాకూ ఉండేది కదండీ."

పావు అని దిద్దించాను. నాలుగింటికి పది నిమిషాలుందనగా రెండు పేజీలూ అచ్చుకి వెళ్లాయి.