ఒడ్నీ పేరు మీది కొండిల్లు

ఒడ్నీకి కొండమీద ఇల్లుందని తెలిసిన వాళ్ళంతా ఆమె పెట్టి పుట్టిందంటారు. ఆమె పనిచేసే వృద్ధాశ్రమంలో, దుప్పట్లు ఉతికే గదిలో, ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, అదే మాట. "ఈస్టర్ సెలవులకి కొండకేగా? ఎండలో కూర్చుని నారింజపళ్ళు ఒలుచుకుంటూ... నీకేం తల్లీ." ఒడ్నీ నవ్వి అవునంటుంది. తడి దుప్పటి కొసలు పట్టుకుని విదిలిస్తున్న మనిషికి వాదనకు దిగే ఓపిక ఎక్కడుంటుంది?

నిజానికి ఆమె కొండ మనిషే కాదు. సముద్రం మధ్య స్మోలా దీవిలో పుట్టింది. తండ్రికి చేపల పడవ ఉండేది. వాళ్ళింట్లో సెలవంటే పడవను ఒడ్డున కట్టేసి, పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని పడుకోవడం. ఉన్న ఇంటికి తాళం వేసి, కరెంటూ కుళాయీ లేని ఇంకో ఇంటికి మూటలు వీపున వేసుకుని పోవడాన్ని కూడా సెలవంటారని ఆమెకు పెళ్ళయ్యాకే తెలిసింది.

పెళ్ళి చేసుకున్నది టోర్లైఫ్‌ని. హోనెఫాస్ పట్నంలో లైబ్రరీ ఉద్యోగి. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మెత్తని మనిషి. వాల్డ్రెస్ లోయ పైన తండ్రి కట్టిన కొండిల్లంటే అతనికి ప్రాణం. పెళ్ళయిన ఏడాది ఈస్టర్‌కి భార్యను తీసుకువెళ్ళాడు. రోడ్డు ఆగిపోయిన చోట కారు వదిలి, మంచు మీద జారే పొడుగు చెక్కలు, స్కీలు, కాళ్ళకు కట్టుకుని పైకెక్కాలి. ఒడ్నీ పడుతూ లేస్తూ చేరేసరికి అత్తగారు మోల్‌ఫ్రి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలిని ఎగాదిగా చూసింది.

"స్కీలు రాకపోతే పోనీ, బకెట్లు మొయ్యడం వచ్చా?"

"వచ్చు," అంది ఒడ్నీ.

ఆ రోజు వచ్చన్న పాపానికి మళ్ళీ బకెట్టు దించింది లేదు. పొద్దున్నే టోర్లైఫ్, అతని చెల్లెలు గున్‌వోర్, వాళ్ళ పిల్లాజెల్లా స్కీలు తొడుక్కుని మంచు మైదానాల మీద పడేవాళ్ళు. అత్తాకోడళ్ళు ఇంట్లో మిగిలేవాళ్ళు. వాగు మీద గడ్డకట్టిన మంచుకు కన్నం పొడిచి నీళ్ళు తోడటం, కట్టెలు చీల్చడం, పొయ్యి ఆరకుండా చూడటం, సాయంత్రం వచ్చే తడి మేజోళ్ళు దండెం మీద ఆరేయడం, అందరికీ వండి వార్చడం. మోల్‌ఫ్రి చేసి చూపించేది, కోడలు చేసేది. మెచ్చుకోవడమనేది ఆవిడ నోట రాలేదు. ఒక్కసారి మాత్రం, సెలవుల ఆఖరి రోజున, ఒడ్నీ నీళ్ళు మోసుకుని వస్తుంటే ఆవిడ మెట్ల మీద బూట్లు విప్పి పాదాలు పిసుక్కుంటూ కనిపించింది. కోడలిని చూడగానే గబగబా బూట్లు తొడిగేసుకుంది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

కొన్నేళ్ళకు మోల్‌ఫ్రికి ఆయాసం ముదిరింది. ఒక ఆదివారం అందరినీ ఇంటికి పిలిచి, అట్లలాంటి వాఫిల్స్ పోసి, జున్ను ముక్కలు వేసి పెట్టి, వాళ్ళు తింటుండగా చెప్పింది.

"కొండిల్లు ఒడ్నీ పేరు మీద రాస్తున్నా. మిగతావి మీ ఇద్దరూ పంచుకోండి."

గున్‌వోర్ చేతిలో వాఫిల్ చేతిలోనే ఉండిపోయింది. "తను మన రక్తం కాదు కదమ్మా," అంది.

"రక్తం పోస్తే కప్పు మీద మంచు కరగదే," అంది మోల్‌ఫ్రి.

ఒడ్నీ లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అన్నేళ్ళ చాకిరీని ఆవిడ చూసింది, లోపల దాచుకుంది, ఇవాళ ఈ విధంగా చెప్పింది అనుకుంది. గున్‌వోర్ రెండేళ్ళు మొహం మాడ్చుకుని, మూడో ఏడు ఈస్టర్‌కి ఏమీ జరగనట్టే మంచంతో సహా తన పాత గది అడిగి తీసుకుంది.

ఇల్లు ఒడ్నీదైంది. కాకపోతే అందులో కూర్చునేది ఆమె కాదు. వేసవిలో గోడలకు తారు పూయాలి, వెనక ఉన్న మరుగుదొడ్డి గొయ్యి ఖాళీ చేయాలి. ఆకురాలు కాలంలో ఎలుకలు దూరే కంతలు మూయాలి, కట్టెలు పేర్చాలి. చలికాలం మంచు. టోర్లైఫ్ వచ్చేవాడు, కాదనకూడదు. ఒక కట్టె చీల్చి, దాని లోపలి రంగు ఎంత బాగుందో చూడమని పిలిచేవాడు. తర్వాత కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. అతని మొహంలో ఆ ప్రశాంతత చూసి ఆమె ఏమీ అనలేకపోయేది. ఎవరో ఒకరైనా సుఖపడుతున్నారు కదా అనుకునేది. అలా అనుకుంటూనే అరవై దాటింది.

ఈ చలికాలం మంచు విపరీతంగా పడింది. కొండిల్లు కింది లోయలో గొర్రెలు పెంచుకునే శూర్ ఫోన్ చేశాడు. "మీ కప్పు మీద మంచు మనిషెత్తు పేరుకుంది. మీ పక్కవాళ్ళ కొట్టం మొన్ననే కుంగింది. ఎవరో ఒకరు రావాలి," అన్నాడు.

టోర్లైఫ్ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని సోఫాలో ఉన్నాడు. గున్‌వోర్‌కు ఫోన్ చేస్తే, "ఆ ఇల్లు నేను పుట్టకముందు నుంచీ ఉంది, ఇప్పుడు కూలుతుందా ఏమిటి," అంది. కూతురు తూరీ, "ఎవరినైనా పెట్టుకోమ్మా, ఇంత పట్టుదలేంటి నీకు," అంది. ఆ ఎవరినైనా ఎవరు వెతకాలో చెప్పలేదు. ఒడ్నీ సెలవు పెట్టి, కారు తీసుకుని, ఒక్కతే వెళ్ళింది.

నిచ్చెన వేసుకుని కప్పెక్కి, పారతో ఒక వాలు మీది మంచు తీసేసరికి ఒళ్ళు హూనమైంది. కప్పు నడినెత్తిన కూలబడింది. కింద మంచుబండి ఆగిన చప్పుడు. శూర్ టోపీ వెనక్కి తోసి పైకి చూశాడు.

"ఒక పక్క తీసి కూర్చున్నావేం? బరువంతా రెండో పక్క పడితే కప్పు ఒరిగిపోద్ది."

"తెలుసు. కాస్త ఊపిరి తీసుకోనీ."

"టోర్లైఫ్ ఏడీ?"

"మోకాలికి ఆపరేషనయింది."

"కానప్పుడు మాత్రం ఎక్కి చచ్చాడా," అంటూ శూర్ చూరు కింద నుంచి ఇంకో పార లాక్కుని తనూ ఎక్కాడు.

రెండో వాలు ఇద్దరూ కలిసి తీశారు. తర్వాత కిందికి దిగి, మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ పంచుకున్నారు.

"మోల్‌ఫ్రి కూడా ఇంతే," అన్నాడు శూర్. "ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వచ్చేది. ఆఖర్లో పాపం నిచ్చెన సగంలో ఆగి ఆయాసపడేది."

ఒడ్నీ నమ్మలేనట్టు చూసింది. "నాతో అననే లేదు. పిలిస్తే వచ్చేదాన్ని కదా."

"నీ మాట అనేదిలే," అని శూర్ ఆగిపోయాడు.

"ఏమని?"

"ఎందుకులే. పోయిన మనిషి మాటలు."

"చెప్పు శూర్."

శూర్ కప్పులో మిగిలిన కాఫీ మంచులో పారబోశాడు. "ఇదిగో, ఇక్కడే కూర్చుని అంది. దీన్ని ఎవరికి అంటగట్టాలా అని చూస్తన్నా శూర్, కొడుక్కిస్తే కూలగొడతాడు, కూతురికిస్తే అమ్ముకుంటుంది, కోడలైతే కాదనలేదు, అంది. దానికిది తగిలిస్తున్నందుకు దేవుడు నన్ను క్షమించడులే, అని కూడా అంది. నాకేదో మనసులో ఉండిపోయింది."

ఒడ్నీకి ముందు నవ్వొచ్చింది. పక్కటెముకలు నొప్పెట్టేలా నవ్వింది. శూర్ కూడా మొహమాటంగా నవ్వి, గొర్రెలకు మేత వేయాలంటూ వెళ్ళిపోయాడు. అతను పోయాక ఆమె లోపలికెళ్ళి, పొయ్యి కూడా రాజేయకుండా, కోటుతోనే మంచం మీద వాలింది. కోపం రాలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. అత్తగారు మెచ్చి ఇచ్చిందన్న ఒక్క మాటే ఇన్నాళ్ళూ ఆమె నడుముకు ఊతకర్రలా నిలబడింది. అది జారిపోయేసరికి, ఏళ్ళ తరబడి వాయిదా వేసుకున్న అలసటంతా ఒక్కసారి వచ్చి మీద కూర్చుంది. పట్టపగలు, కిటికీలో ఎండ ఉండగా, మొద్దులా నిద్రపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడు, ఉడికించిన బంగాళాదుంపలూ చేప వడలూ వడ్డించి, భర్తతో అంది. "ఈ ఈస్టర్‌కి నేను రావడం లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"డ్యూటీ వేశారా?"

"లేదు. అలసిపోయాను."

టోర్లైఫ్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "అలసిపోతే కొండకేగా వెళ్ళాలి?"

"కొండకి వెళ్ళి వెళ్ళే అలసిపోయాను, టోర్లైఫ్."

అతను దుంపను ఫోర్కుతో మెదిపాడు. తినలేదు.

తూరీ ఫోన్ చేసింది. "నువ్వు లేకపోతే ఈస్టర్‌లా ఉండదమ్మా."

"నేను లేకపోతేనా, నా చాకిరీ లేకపోతేనా?"

"అలా మాట్లాడితే నేనేం చెప్పను?"

"ఏం చెప్పక్కర్లేదు. తాళం నాన్న దగ్గరుంది."

ఈస్టర్ వచ్చింది. టోర్లైఫ్‌ను కూడా కారులో ఎక్కించుకుని, రోడ్డు ఆగిన చోట నుంచి శూర్ మంచుబండి మీద పంపే ఏర్పాటుతో, అందరూ కొండకు పోయారు. పట్నం ఊడ్చేసినట్టు ఖాళీ అయిపోయింది. ఒడ్నీ బాల్కనీలో కుర్చీ వేసుకుంది. సుఖంగా ఉంటుందనుకుంది, ఉండలేదు. పొయ్యి గొట్టం మూత తీశారో లేదో, టోర్లైఫ్ మోకాలితో మెట్ల మీద జారాడో ఏమో అని మనసు అక్కడే తిరిగింది. చేతులు ఏం చేయాలో తెలియక వంటింటి అరలన్నీ దించి తుడిచింది. సగంలో తనమీద తనకే విసుగొచ్చి, గుడ్డ పడేసి, పడుకుంది. ఆ సెలవుల్లో ఆమె చేసిందల్లా నిద్రపోవడమే. లేచాక కూడా నిద్ర వచ్చేది.

వాళ్ళు అనుకున్నదానికంటే ముందే దిగొచ్చారు. టోర్లైఫ్‌ను దింపడానికి గున్‌వోర్ పైకి వచ్చింది. జుట్టు పొగ కంపు కొడుతోంది. కుర్చీలో కూలబడి కాఫీ అడిగింది.

"మొదటి రోజు ఇల్లంతా పొగే. గొట్టం మీద మూత ఉంటుందని ఎవరికి తెలుసు? వాగు దగ్గర కన్నం పొడిస్తే తెల్లారేసరికి మళ్ళీ గడ్డకట్టేది. మా ఆయన రొట్టెలు కారులోనే మర్చిపోయాడు. అందరూ పొద్దున్నే స్కీలు కట్టుకుని పోయారు."

"నువ్వు వెళ్ళలేదా?"

"ఎలా వెళ్తాను? ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా."

"ఉండాలి మరి," అంది ఒడ్నీ.

గున్‌వోర్ తలెత్తి చూసింది. చూసి, కళ్ళు దించుకుంది. "అమ్మ నీకిచ్చిందని ఇన్నేళ్ళూ నాకు కడుపు మండిపోయేది."

అత్తగారు శూర్‌తో అన్న మాట ఒడ్నీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తల్లి గురించి ఆ మాట కూతురు వినాల్సిన పనిలేదు. "ఇప్పుడైనా తీసుకో. రేపే రాసిస్తా," అంది.

గున్‌వోర్ గోళ్ళ సందుల్లోని మసి చూసుకుంది. "ఇప్పుడంత తొందరేముందిలే. ఇంట్లో మాట్లాడి చెప్తా." ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. తూరీ కూడా, ఇల్లు ఉండాలని గట్టిగా అంది కానీ, తన పేరు మీద అనేసరికి పిల్లలు చిన్నవాళ్ళంది. అందరికీ ఆ ఇల్లు కావాలి. ఎవరికీ వద్దు.

ఒక సాయంత్రం ఒడ్నీయే కదిపింది. "అమ్మేద్దామా?"

టోర్లైఫ్ పుస్తకం మూశాడు. "నీ ఇష్టం. నీది."

"నాదని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"అమ్మితే నాతో చెప్పకుండా అమ్మెయ్. చెప్పి అమ్మితే నేను తట్టుకోలేను." అతను పుస్తకం పక్కన పెట్టేశాడు. "అక్కడ నువ్వు కూడా సంతోషంగా ఉన్నావనుకునేవాణ్ణి. నిజంగానే అనుకున్నాను."

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు." ఆమె పక్కన కూర్చుంది. "అమ్మను. నీ పేరు మీద రాస్తాను."

"నాకా? దాని సంగతి నాకేం తెలుసు?"

"ఉన్నట్టుండి మీదపడ్డప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు?"

అతను వద్దనడానికి నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి, సరేనన్నాడు.

మే నెలలో రాతకోతలు అయిపోయాయి. ఇల్లు చేతికొచ్చాక టోర్లైఫ్ మొట్టమొదట చేసిన పని శూర్‌కు ఫోన్ చేసి, వచ్చే చలికాలం మంచు తీసే పని కూలికి ఒప్పుకోమనడం. ఇంత తేలిక పని ఇన్నేళ్ళూ తనకెందుకు తోచలేదా అని ఒడ్నీ ఆలోచించింది. అత్తగారు ఒప్పుకోదన్న భయం కాబోలు, పోయాక కూడా.

జులైలో ఇద్దరూ పైకి వెళ్ళారు. ఈసారి ఆమె బకెట్లు ముట్టుకోనని ముందే చెప్పింది. టోర్లైఫ్ వాగుకు రెండుసార్లు కుంటుకుంటూ వెళ్ళి, మధ్యలో సగం నీళ్ళు ఒలకబోసుకుంటూ వచ్చాడు. ఆమె పళ్ళు బిగబట్టి చూసింది. మధ్యాహ్నం గోడలకు తారు పూయడానికి దిగాడు. ఆమె దక్షిణం వైపు ఎండలో దుప్పటి పరచుకుని పడుకుంది. కాళ్ళలో ఇంకా అదే బరువు. అలసట ఒక వేసవిలో తీరేది కాదని ఆమెకు తెలుసు, అసలు తీరుతుందో లేదో కూడా తెలియదు.

"ఒడ్నీ, తారు డబ్బా మూత తీసే కడ్డీ ఎక్కడ పెట్టావు?" మూల నుంచి కేక వేశాడు.

అది కట్టెల కొట్టంలో, తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.

"నాకు తెలియదు," అంది ఒడ్నీ.

అతను గొణుక్కుంటూ కొట్టంలోకి వెళ్ళాడు. ఏదో కింద పడింది, ఇంకేదో పడింది. చాలాసేపటికి డబ్బా మూత లేచిన చప్పుడు, ఆ తర్వాత గోడ మీద బ్రష్ రాసుకునే చప్పుడు వినిపించాయి. పూత పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా వేస్తున్నాడని ఆ చప్పుడును బట్టే ఆమెకు తెలిసిపోయింది. కళ్ళు తెరవలేదు.